సముద్రానికి దగ్గరగా, సందడికి దూరంగా: కోస్తాలో ఉండదగిన ఊరిని ఎంచుకోవడం ఎలా

ఉద్యోగ విరమణ తరువాత గాని, ఇంటి నుంచే పని చేసుకునే వెసులుబాటు దొరికినప్పుడు గాని, హైదరాబాదు వంటి నగరాన్ని విడిచి సముద్రానికి దగ్గరలోని ఒక చిన్న పట్టణంలో తక్కువ ఖర్చుతో నెమ్మదిగా బతకాలన్న కోరిక మనలో చాలామందికి ఉంటుంది. ఇచ్ఛాపురం నుంచి తడ వరకు సుమారు వెయ్యి కిలోమీటర్ల తీరం ఉన్న ఆంధ్రప్రదేశ్‌లో అటువంటి ఊళ్లకు కొదవ లేదు. అయితే శీతాకాలంలో ఒక ఆదివారం చూసివచ్చిన తీరాన్ని మనసులో పెట్టుకుని, మరుసటి నెలలోనే అడ్వాన్సు ఇచ్చి సామాను దింపుకున్నవారు ఏడాది తిరగకుండా వెనక్కు రావడం నేను చూశాను. మా తల్లిదండ్రుల కోసం నేను కూడా రెండేళ్లపాటు ఈ తీరం వెంట తిరిగి, ఒకసారి పొరబడి, ఆ తరువాతే బాపట్లలో సరైన ఇల్లు పట్టుకోగలిగాను. ఏ ప్రశ్న ముందు వేసుకోవాలో, ఏది తరువాత వేసుకోవాలో ఆ తిరుగుడులో నాకు తెలిసివచ్చిన క్రమాన్నే ఇక్కడ రాస్తున్నాను.

ఊరికీ ఒడ్డుకీ మధ్య దూరం

మన తీరపు పటాన్ని శ్రద్ధగా చూస్తే, సముద్రం పేరు చెప్పగానే గుర్తుకు వచ్చే పట్టణాలలో చాలావరకు ఒడ్డుకు కొంత లోపలగా ఉన్నాయని అర్థమవుతుంది. బాపట్లకు సూర్యలంక తొమ్మిది కిలోమీటర్లు, చీరాలకు వాడరేవు ఆరేడు కిలోమీటర్లు, మచిలీపట్నానికి మంగినపూడి సుమారు పది కిలోమీటర్లు, ఒంగోలుకు కొత్తపట్నం సుమారు 18 కిలోమీటర్లు, నెల్లూరుకు మైపాడు ఇరవై కిలోమీటర్లకు పైగా ఉంటాయి. బయటినుంచి వచ్చేవారు ఈ దూరాన్ని లోపంగా భావించి, అలల చప్పుడు వినిపించే చోటనే ఇల్లు కావాలని పట్టుబడతారు. నా ఉద్దేశంలో ఆ దూరమే ఈ ఊళ్లకున్న పెద్ద సుగుణం. బజారు, ఆసుపత్రి, రైల్వే స్టేషన్, బస్టాండు ఉన్న పట్టణంలో కాపురం ఉంటూ, సాయంత్రం ఆటోలోనో స్కూటరు మీదనో పావుగంటలో ఒడ్డుకు వెళ్లి రాగలిగితే, సముద్రం ఇచ్చే సుఖమంతా దక్కుతుంది, దాని కష్టం చాలావరకు తప్పుతుంది.

ఆ కష్టం ఎంతటిదో తెలియాలంటే ఉప్పెనల చరిత్రను తలచుకోవాలి. 1864 నవంబరు 1న బందరును, అంటే మచిలీపట్నాన్ని ముంచిన ఉప్పెనలో సుమారు ముప్పై వేల మంది చనిపోయారు. 1977 నవంబరు 19న దివిసీమ మీద విరుచుకుపడిన ఉప్పెనలో సముద్రపు నీరు పది కిలోమీటర్లకు పైగా లోపలికి చొచ్చుకువచ్చి, వేలాది ప్రాణాలను తీసుకుపోయింది. కనుక కిలోమీటర్ల లెక్క ఒక్కటే సరిపోదు, నేల ఎత్తును కూడా చూడాలి. కృష్ణా, గోదావరి నదులు సముద్రంలో కలిసే చోట్ల నేల పళ్లెంలా చదునుగా ఉంటుంది కాబట్టి అక్కడ పది కిలోమీటర్ల దూరం కూడా అభయం కాదు. చీరాల, బాపట్ల ప్రాంతంలో తీరానికి సమాంతరంగా పాతకాలపు ఇసుక మేటలు వరుసలుగా ఉండటం వల్ల ఊరి నేల కొంత మెరకగా ఉంటుంది. విశాఖపట్నం, భీమునిపట్నాల దగ్గర కొండలే సముద్రం దాకా వచ్చాయి. ఇల్లు చూడటానికి వెళ్లినప్పుడు ఆ వీధిలోని వృద్ధులను కలిసి, పెద్ద గాలివాన వచ్చినప్పుడు నీరు ఎక్కడి దాకా వచ్చిందో, ఎన్ని రోజులు నిలిచిందో, కరెంటు ఎన్నాళ్లకు వచ్చిందో అడగండి. పటాలు, నివేదికలు చెప్పలేని సంగతులను వారు చేత్తో గోడ మీద గీత గీసి మరీ చూపిస్తారు.

తుఫాను రాని ఊరు కావాలని ఎవరైనా కోరుకుంటే అటువంటిది ఈ తీరంలో లేదని ముందే చెప్పాలి. 2010 మేలో లైలా, 2023 డిసెంబరులో మిచాంగ్ బాపట్ల దగ్గరే తీరం దాటాయి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖను అతలాకుతలం చేసింది, 2018 అక్టోబరు 11న తిత్లీ శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలోని కొబ్బరి, జీడి తోటలను నేలమట్టం చేసింది. ఉప్పెన నీరు ఎక్కని మెరకను, గట్టి స్లాబు ఇంటిని ఎంచుకుని, గాలిని తట్టుకోవడానికి సిద్ధపడటమే మనం చేయగలిగిన పని.

ఒడ్డు కూడా ఎప్పటికీ ఒకే చోట ఉండదు. కాకినాడ పక్కనున్న ఉప్పాడలో సముద్రం ఏళ్ల తరబడి నేలను కోసుకుంటూ ఇళ్లను, గుడులను మింగింది. కాకినాడ నుంచి ఉప్పాడ వెళ్లే బీచ్ రోడ్డు తుఫాను వచ్చిన ప్రతిసారీ దెబ్బతింటూనే ఉంది. అంతటి చక్కని జరీ చీరలు నేసే ఊరు అలా తరిగిపోతూ ఉండటం చూసినవారికి మనసు కలుక్కుమంటుంది. ఒడ్డున ఇల్లు కావాలనుకునేవారు ఒక్కసారి ఉప్పాడ వెళ్లి చూసి రావాలని నేను గట్టిగా చెబుతాను.

ఈనాటి నిశ్శబ్దం ఎన్నాళ్లు ఉంటుంది

ఇప్పుడు ప్రశాంతంగా ఉన్న చోటు పదేళ్ల తరువాత కూడా అలాగే ఉంటుందా అన్నది రెండవ ప్రశ్న. మచిలీపట్నంలో, రామాయపట్నంలో, శ్రీకాకుళం జిల్లా మూలపేటలో రేవుల నిర్మాణం చేపట్టారు. భోగాపురం విమానాశ్రయం చుట్టూ భూముల ధరలు ఎప్పుడో సామాన్యుడి చేయి దాటాయి. అనకాపల్లి జిల్లాలోని పరవాడ, అచ్యుతాపురం, నక్కపల్లి వైపు మందుల కంపెనీలు, పరిశ్రమల వాడలు విస్తరిస్తున్నాయి. కృష్ణపట్నం చుట్టూ రేవుతో పాటు థర్మల్ విద్యుత్ కేంద్రాలు ఉన్నాయి. ఉపాధి కోరుకునేవారికి ఇవన్నీ మంచి వార్తలే. ప్రశాంతత కోరి వెళ్లేవారు మాత్రం ఈ చోట్లకు కనీసం పాతిక ముప్పై కిలోమీటర్ల ఎడంగా చూసుకోవాలి. లారీలు, క్వారీ దుమ్ము, ఎక్కడెక్కడి నుంచో వచ్చే కూలీల కోసం పెరిగే అద్దెలు రేవు కట్టడం పూర్తికాక ముందే మొదలవుతాయి.

డచ్చివారి సమాధులు, గోస్తనీ నది సంగమం, 1861 నాటి పురపాలక సంఘం ఉన్న భీమిలి (భీమునిపట్నం) ఒకప్పుడు ఇలాంటి జాబితాలో మొదట నిలవవలసిన ఊరు. ఇప్పుడది మహా విశాఖ నగరంలో భాగం. అక్కడి అందానికి వంక పెట్టలేము గాని, తక్కువ ఖర్చు అన్న మాట అక్కడ చెల్లదు.

నీళ్ల సంగతి

ఇంటిని ఎంచుకోవడంలో నేను పొరబడింది నీళ్ల దగ్గరే కాబట్టి దీన్ని కొంచెం వివరంగా రాస్తాను. డెల్టాలోని ఒక చిన్న పట్టణంలో ఆగస్టు నెలలో ఇల్లు చూశాను. కాలువ నిండుగా పారుతోంది, కుళాయి రెండు పూటలా వస్తోంది, ఊరంతా పచ్చగా ఉంది. మరుసటి ఏప్రిల్‌లో కాలువలు కట్టేశాక మంచినీటి చెరువు అడుగంటింది, కుళాయి రెండు రోజులకొకసారి వచ్చింది, ఇంటి బోరు నీళ్లు నోట్లో పోసుకోలేనంత ఉప్పగా మారాయి. డెబ్బై దాటిన మా నాన్నగారు బిందెతో ట్యాంకరు దగ్గర నిలబడవలసి వచ్చింది. ఆ ఊళ్లో పుట్టి పెరిగినవారికి ఇది ఏటా వచ్చే సంగతే. నేనే వేసవిలో వెళ్లి అడగలేదు.

డెల్టా పట్టణాల మంచినీటి సరఫరా ఎక్కువగా కృష్ణా, గోదావరి కాలువల మీద ఆధారపడి ఉంటుంది. పంటలు ముగిసి కాలువలు కట్టేసే ముందు చెరువులను నింపుకుని, మళ్లీ నీరు వదిలే దాకా ఆ నిల్వతోనే సర్దుకోవాలి. కాబట్టి ఊరికి మంచినీటి చెరువులు ఎన్ని ఉన్నాయో, గత మే నెలలో కుళాయి ఎన్ని రోజులకొకసారి వచ్చిందో పురపాలక సంఘంలోనూ, వీధిలోనూ విడివిడిగా అడగాలి. రెండు చోట్లా ఒకే జవాబు వస్తే నమ్మవచ్చు.

భూగర్భ జలం విషయంలో నగరవాసుల అలవాటు ఇక్కడ పనికిరాదు. హైదరాబాదులో బోరు ఎంత లోతుగా వేస్తే అంత ధీమా. తీరంలో వాన నీరు ఇసుక పొరల్లోకి ఇంకి, తనకంటే బరువైన ఉప్పునీటి మీద తేలుతూ ఉంటుంది. పైపైన తోడుకుంటే మంచినీరు, లోతుకు దించి పెద్ద మోటారుతో లాగితే ఉప్పునీరు వస్తుంది. ఒకసారి ఉప్పు పైకి వచ్చిన బోరు మళ్లీ తేరుకోవడానికి చాలాకాలం పడుతుంది. బాపట్ల వైపు రైతులు ఇసుక నేలల్లో దొరువులు తవ్వి, లోతుకు పోకుండా ఊట నీటిని తోడుకునే పద్ధతి ఈ జ్ఞానం మీద నిలిచినదే. ఇళ్లలో వేసే ఫిల్టర్ పాయింట్లు అనే గొట్టపు బావులు కూడా అందుకే తక్కువ లోతులో ఉంటాయి. ఇల్లు చూడటానికి వెళ్లేటప్పుడు నీటిలో కరిగిన లవణాలను కొలిచే ఒక చిన్న టీడీఎస్ మీటరు వెంట తీసుకువెళ్లండి. తాగునీటిలో కరిగిన లవణాలు లీటరుకు 500 మిల్లీగ్రాముల లోపు ఉండాలని, వేరే దారి లేనప్పుడు 2000 వరకు ఒప్పుకోవచ్చని మన దేశ ప్రమాణం చెబుతోంది. కుళాయి నీరు, బోరు నీరు రెండింటినీ కొలవండి. ఇంటికి దగ్గరలో రొయ్యల చెరువులు ఉంటే, ఈనాడు మంచి అంకె వచ్చినా దాన్ని పూర్తిగా నమ్మవద్దు, ఎందుకంటే ఆ చెరువుల ఉప్పు ఏటేటా పక్క నేలలోకి దిగుతూ ఉంటుంది.

శ్రీకాకుళం జిల్లాలోని ఉద్దానం గురించి ప్రత్యేకంగా చెప్పాలి. సోంపేట, కవిటి, పలాస చుట్టుపక్కల కొబ్బరి, జీడి తోటల మధ్య బారువ వంటి తీరాలు ఎంత మనోహరంగా ఉంటాయో చూసినవారికే తెలుస్తుంది, జీవన వ్యయం కూడా తక్కువే. కానీ ఆ ప్రాంతాన్ని దీర్ఘకాలిక మూత్రపిండాల వ్యాధి ఏళ్లుగా పీడిస్తోంది, దానికి కారణం ఇదీ అని ఇప్పటికీ తేలలేదు. హిరమండలం జలాశయం నుంచి మంచినీటిని తెచ్చే పథకం, పలాసలో మూత్రపిండాల వ్యాధుల ఆసుపత్రి వచ్చాయి. అక్కడ స్థిరపడాలనుకునేవారు పైపుల ద్వారా వచ్చే నది నీరు తమ వీధికి చేరుతోందని కళ్లారా చూసుకున్నాకే నిర్ణయించుకోవాలి.

ఆసుపత్రి, రైలు

అరవై దాటినవారు ఉండే ఇంటికి గుండె, పక్షవాతం చికిత్స గంట ప్రయాణంలో అందాలి. ఊళ్లో నర్సింగ్ హోములు ఎన్ని ఉన్నాయన్నది అంత ముఖ్యం కాదు. అర్ధరాత్రి ఛాతీనొప్పి వస్తే ఎక్కడికి తీసుకువెళతారని మందుల దుకాణంలో అడగండి, నిజమైన జవాబు అక్కడే దొరుకుతుంది. బాపట్లకు గుంటూరు సుమారు 50 కిలోమీటర్లు, చీరాలకు ఒంగోలు దాదాపు అంతే దూరం. కావలి వారికి నెల్లూరు ఉంది. కాకినాడలో రంగరాయ వైద్య కళాశాల, దానికి అనుబంధమైన ప్రభుత్వ సర్వజన ఆసుపత్రి ఊళ్లోనే ఉన్నాయి కనుక ఈ ఒక్క లెక్కలో దానికి సాటి రాగల చిన్న పట్టణం లేదు. విశ్రాంత ఉద్యోగుల స్వర్గమని దానికి పేరు రావడం ఊరికే కాదు.

రైలు విషయంలో ప్రధాన మార్గానికీ, కొస స్టేషనుకూ ఉన్న తేడాను గమనించాలి. పలాస, బాపట్ల, చీరాల, కావలి హౌరా-చెన్నై మార్గంలో ఉన్నాయి. మచిలీపట్నం, నరసాపురం, కాకినాడ శాఖా మార్గాల చివర ఉన్నాయి, అక్కడికి రైళ్లు తక్కువ. అయితే కొస స్టేషనులో ఖాళీ బండి ఎక్కి తీరికగా కూర్చోవచ్చన్న సుఖం ఉంది, అర్ధరాత్రి హారన్ల మోతా తక్కువే. పిల్లలు హైదరాబాదులో, చెన్నైలో ఉండి తరచుగా వచ్చిపోయేవారైతే ప్రధాన మార్గమే మేలు. కత్తిపూడి నుంచి కాకినాడ, అమలాపురం, నరసాపురం, మచిలీపట్నం, రేపల్లె, బాపట్ల, చీరాలల మీదుగా ఒంగోలు చేరే 216వ జాతీయ రహదారి ఈ ఊళ్లన్నిటినీ కలుపుతుంది. ఊరిని ఎంచుకునే ముందు ఆ దారిలో మూడు నాలుగు రోజులు నెమ్మదిగా ప్రయాణించడం కంటే మంచి పరిశీలన లేదు.

మే నెలలో ఒకసారి, నవంబరులో ఒకసారి

ఏ ఊరైనా నచ్చిందనుకున్నాక, దాని రెండు కష్టకాలాల్లోనూ కనీసం వారం చొప్పున అక్కడ ఉండి చూడాలి. మే నెలలో నీటి ఎద్దడి, ఉక్కపోత, మధ్యాహ్నం కరెంటు కోతలు తెలుస్తాయి. పొద్దున వీచే పడమటి వేడిగాలి ఏ వేళకు ఆగి సముద్రపు గాలి తిరుగుతుందో కూడా అప్పుడే తెలుస్తుంది. చేపలు ప్రీతిగా తినేవారు ఇంకొకటి గుర్తుంచుకోవాలి. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులపాటు మరపడవల వేట నిషేధం ఉంటుంది కనుక ఆ రోజుల్లో సముద్రపు చేప ప్రియమవుతుంది. నవంబరు తుఫానుల నెల. నెల్లూరు, ప్రకాశం వైపు ఈశాన్య రుతుపవనాల వానలు అప్పుడే దంచికొడతాయి, శ్రీకాకుళం వైపు ప్రధాన వర్షాలు జూన్, సెప్టెంబరు నెలల మధ్యనే వచ్చిపోతాయి. వీధిలో మోకాలి లోతు నీళ్లు నిలుస్తాయా, మురుగు ఎటు పోతుందో చూడటానికి అంతకంటే మంచి సమయం లేదు.

రాత్రివేళ కూడా ఒకసారి ఇంటి చుట్టూ నడవాలి. పగలు నిశ్శబ్దంగా కనిపించే పొలం గట్టు వెనుక రొయ్యల చెరువులు ఉంటే, తెల్లవార్లూ నీటికి గాలి అందించే ఏరియేటర్లు తిరుగుతూనే ఉంటాయి. కరెంటు పోతే జనరేటర్లు మోగుతాయి. ఐస్ ఫ్యాక్టరీలు, రొయ్యలు శుద్ధి చేసే ప్లాంట్లు, చేపలు ఎండబెట్టే దిబ్బలు గాలివాటున ఉంటే ఆ వాసనకు అలవాటు పడటం అందరివల్లా కాదు. అది మత్స్యకారుల బతుకుతెరువు, మధ్యలో వచ్చిన మనం దాన్ని తప్పుపట్టకూడదు, ముందే చూసుకుని ఎడంగా ఇల్లు తీసుకోవాలి. కార్తీక పౌర్ణమికి సూర్యలంక, మంగినపూడి తీరాల్లో వేలాదిగా స్నానాలు చేస్తారు. అంతర్వేదిలో భీష్మ ఏకాదశి కల్యాణానికి గోదావరి జిల్లాలు కదిలి వస్తాయి. ఏడాదికి నాలుగు రోజుల ఆ సందడి నాకు ఇష్టమే. ప్రతి శనివారం రిసార్టుల దారిలో నిలిచిపోయే కార్ల వరుస వేరు సంగతి కనుక, బీచ్ రోడ్డు మీద మాత్రం ఇల్లు తీసుకోవద్దు.

ఆ తరువాత కూడా కొనడానికి తొందరపడకుండా ఏడాదిపాటు అద్దెకు ఉండాలి, నగరంలోని ఇంటిని ఆ ఏడాది అమ్మకుండా అద్దెకు ఇవ్వాలి. చిన్న పట్టణాల్లో అద్దె ఇళ్లు ప్రకటనల్లో కనిపించవు. బజారులో కిరాణా కొట్టు, కాలేజీ గుమాస్తా, పోస్ట్‌మాన్, పాలు పోసేవారు, వీరి నోటి మాట మీదనే ఇళ్లు చేతులు మారుతాయి. ఎవరండీ మీరు, ఎవరి తాలూకు అని అడుగుతారు. ఊళ్లో తెలిసిన మనిషి ఒకరు వెంట ఉంటే అద్దె కూడా న్యాయంగా చెబుతారు.

ఏ ఊరు ఎవరికి

నన్ను సూటిగా అడిగితే, తక్కువ ఖర్చు, ప్రశాంతత, రైలు, మెరక నేల నాలుగూ కావాలనుకునేవారికి బాపట్లనే చెబుతాను. 1945లో మొదలైన వ్యవసాయ కళాశాల, దాని చెట్లు, పాతకాలపు అగ్రహారపు వీధులు ఆ ఊరికి ఒక నిదానాన్ని ఇచ్చాయి. 2022లో జిల్లా కేంద్రం అయ్యాక కార్యాలయాలు, వాటితో పాటు అద్దెలు కొంత పెరిగినా, అది ఇంకా సైకిలు మీద తిరగగలిగిన ఊరే. చీరాల వ్యాపారం ఉన్న ఊరు, బట్టల బజారు సందడి ఎక్కువ, అందుకు తగ్గట్టు సరుకులూ వైద్యులూ ఎక్కువ. వాడరేవు, రామాపురం వైపు సరుగుడు తోటల మధ్య రిసార్టులు పెరుగుతున్నాయి కనుక ఊళ్లోనే ఇల్లు చూసుకోవాలి. ఆరోగ్యం అంతంతమాత్రంగా ఉన్నవారు, కొంచెం ఎక్కువ ఖర్చు భరించగలవారు కాకినాడ వెళ్లడం మంచిది. కాలువలు, పడవలు, లేసు అల్లే ఆడవాళ్లు, వశిష్ఠ గోదావరి గట్టు మీద సాయంత్రాలు నరసాపురాన్ని అన్నిటికంటే అందమైన ఊరిగా చేశాయి. అయితే అక్కడి నేల పల్లం, పెద్దాసుపత్రి దూరం. బందరు మీద నాకు ఎంతో గౌరవం ఉంది, కానీ రేవు పని ఒక కొలిక్కి వచ్చేదాకా అక్కడ కొనడానికి ఆగమంటాను.

కొనేటప్పుడు

సముద్రపు పోటు గీత నుంచి 500 మీటర్ల వరకు తీర ప్రాంత నియంత్రణ మండలం, అంటే సీఆర్‌జెడ్ నిబంధనలు వర్తిస్తాయి. ఉప్పుటేర్లు, పోటు తగిలే నదీ పాయల పక్కన కూడా వేరే హద్దులు ఉన్నాయి. ఏ భాగంలో ఏది కట్టవచ్చో చెప్పే వివరాలు సామాన్యుడికి తేలికగా అర్థమయ్యేవి కావు, పైగా 2011 నాటి నిబంధనలను 2019లో మార్చారు. ఆ 500 మీటర్ల లోపల అసలేమీ కొనకపోవడమే నేను ఇచ్చే సలహా. తీరపు గ్రామాల్లో పేదలకు ప్రభుత్వం ఇచ్చిన డీ-పట్టా భూములు, దేవాదాయ భూములు, పాత రికార్డుల్లో యజమాని పేరు చోట చుక్కలు పెట్టి వదిలిన చుక్కల భూములు చాలా ఉంటాయి. ధర ఆశ్చర్యపడేంత తక్కువగా చెప్పినప్పుడు దాదాపు ఎప్పుడూ వీటిలో ఏదో ఒకటి దాగి ఉంటుంది. సర్వే నంబరు తీసుకుని, అది రిజిస్ట్రేషను చేయకూడని భూముల 22-ఏ నిషేధిత జాబితాలో ఉందో లేదో సబ్-రిజిస్ట్రారు కార్యాలయంలో చూడాలి. కనీసం ముప్పై ఏళ్ల ఈసీ (ఆస్తి మీద జరిగిన లావాదేవీల ధ్రువపత్రం) తీయించి, అడంగల్, 1-బీ అనే భూమి రికార్డుల నకళ్లతో అమ్మేవారి పేరును సరిపోల్చి, లేఅవుటుకు అనుమతి ఉందో లేదో విచారించి, కాగితాలన్నీ స్థానికుడు కాని ఒక న్యాయవాదికి చూపించాలి. స్టాంపు డ్యూటీ, రిజిస్ట్రేషను రుసుములు కలిపి ధర మీద దాదాపు 7.5 శాతం అవుతాయి కనుక ఆ సొమ్మును మొదటే లెక్కలో వేసుకోవాలి.

కట్టిన ఇల్లు కొంటున్నట్లయితే ఇనుమును చూడండి. ఒడ్డుకు దగ్గరైన కొద్దీ ఉప్పుగాలికి కిటికీ ఊచలు, గేట్లు, ఏసీ బయటి పెట్టెలు త్వరగా తుప్పుపడతాయి, అది రంగు వేసి దాచగలిగిన లోపం. స్లాబు అడుగున, సన్‌షేడ్ల అంచుల్లో, బాల్కనీ కింద పెచ్చులు లేచిన చోట వేలితో తట్టి చూస్తే, డొల్ల చప్పుడు వచ్చిన చోట లోపలి చువ్వ ఉబ్బిందని అర్థం. సముద్రపు ఇసుకతో కట్టిన ఇళ్లకు ఈ జబ్బు ముందే వస్తుంది కాబట్టి, ఇసుక ఏ ఏటి నుంచి తోలించారని కట్టిన మేస్త్రీనే పిలిచి అడగండి. జవాబు తడబడితే ఆ ఇల్లు వదిలేసి పక్క వీధిలో మరొకటి చూసుకోవడం మంచిది.